సామర్థ్య సంజీవని: ఒక మోటారు లెక్కకు టీకా తాత్పర్యాలు

అవతారిక

మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాసి తరవాతివాళ్లకు పెద్దగా పని మిగల్చలేదు. కావ్యాలకు టీకలున్నాయి, టీకలకు టిప్పణులున్నాయి. కానీ ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో ‘పని, శక్తి, సామర్థ్యం’ అనే అధ్యాయం చివర వరసగా నిలబడ్డ లెక్కలకు గైడ్లే తప్ప వ్యాఖ్యానం దొరకదు. గైడు రాసినాయన ‘దత్తాంశం’ అని ఒక గీత, ‘సూత్రం’ అని ఒక గీత గీసి, ‘ప్రతిక్షేపించగా’ అని ఒక్క దూకు దూకి జవాబులో తేలతాడు. ఆయన దూకిన చోటే పిల్లలు మునుగుతారు. అందుచేత, అడిగింది ఒక్కతే అయినా, లోకోపకారార్థం ఈ వ్యాఖ్యానం ఆరంభించబడుతున్నది.

ప్రథమ మూలం

“బాబాయ్ ఈ లెక్క రావట్లేదు. ఏ ఫార్ములా వాడాలి? అర్జెంట్. రేపు స్లిప్ టెస్ట్.”

సందర్భం: ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతున్న అన్నకూతురు రాత్రి భోజనాల వేళ వాట్సాపులో పలికిన వాక్యమిది. వెంట ఒక ఫొటో.

ప్రతిపదార్థం

బాబాయ్ = ఓ పినతండ్రీ! సంబోధన ప్రథమా విభక్తి. పరీక్షకు ముందురోజు రాత్రి విశేషంగా ప్రయోగంలో ఉంటుంది.

ఈ లెక్క = కింది ఫొటోలోని లెక్క. 

రావట్లేదు = ఈ క్రియకు మూడు అర్థాలు కలవు. ఒకటి: ఇంకా చదవలేదు. రెండు: చదివాను గాని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మూడు: చేశాను, నా జవాబుకూ వెనక ఇచ్చిన కీకి పొంతన లేదు. మూడింటికీ మందు వేరు. ఏ అర్థమో తేల్చకుండా సాయం చేయబోయేవాడు జ్వరమో, కడుపునొప్పో అడక్కుండా మాత్ర ఇచ్చేవాడితో సమానం.

ఏ ఫార్ములా = ఏకవచనం. రోగమంతా ఈ ఏకవచనంలోనే ఉంది. లెక్కకు ఒకే తాళం ఉంటుందనీ, దాని చెవి బాబాయి దగ్గర ఉందనీ దీని ధ్వని.

అర్జెంట్ = క్రియావిశేషణం. క్రియ అధ్యాహార్యం, అనగా ‘చెప్పు’ అని మనమే చేర్చుకోవాలి.

రేపు స్లిప్ టెస్ట్ = హేతువు. ముందు చెప్పినదానికి కారణం చూపించింది కనుక కావ్యలింగాలంకారం.

అర్థ నిర్ణయం: ‘రావట్లేదు’ ఏ అర్థంలో వాడబడిందో తెలుసుకోవడానికి వ్యాఖ్యాత “ఎంతవరకు చేశావమ్మా?” అని అడిగాడు. “ఎంజీహెచ్ వేశా బాబాయ్. నిమిషాన్ని సెకన్లు కూడా చేశా. 1500 వాట్లు వచ్చింది. ఆప్షన్లలో ఉంది. కానీ కీలో 4 అని ఉంది” అని బదులొచ్చింది. ఈ నాలుగు ముక్కలతో వ్యాఖ్యాతకు సగం పని తీరింది. సాయం కోరేవారు మొదటి వాక్యంలోనే ఇది రాస్తే ఇచ్చేవారు ఇంకా తొందరగా నిద్రపోతారు. లెక్క పూర్తి పాఠం, తాను చేసినంత, ఆగిపోయిన చోటు: ఈ మూడూ లేని అభ్యర్థన అసంపూర్ణ వాక్యం.

పాఠ నిర్ణయం

ఫొటో తీసిన వేళ ట్యూబులైటు వెనక ఉండటం వల్ల బొటనవేలి నీడ సరిగ్గా మూడో పంక్తి మీద పడింది. ‘మోటారు ద...’ అన్నంతవరకు కనబడి, ఆపైన చీకటి, చివర ‘తము’ అన్న రెండక్షరాలు. ఇది ‘ద్వారా’ అని ఒక ఊహ, ‘ధర’ అని ఇంకొక ఊహ. రెండో ఫొటో తెప్పించగా ‘దక్షత 70 శాతము’ అని పాఠం స్థిరపడింది. నీడలో ఉన్న ఆ పంక్తిని పిల్ల ఫొటోలోనే గాక లెక్క చేసేటప్పుడు కూడా చూడలేదని వ్యాఖ్యాతకు అప్పుడే అనుమానం కలిగింది.

ద్వితీయ మూలం

“30 మీటర్ల లోతు గల బావి నుండి ఒక మోటారు నిమిషమునకు 300 కిలోగ్రాముల నీటిని తోడి, సెకనుకు 10 మీటర్ల వడితో బయటకు వదులుచున్నది. మోటారు దక్షత 70 శాతము. మోటారుకు అందించవలసిన విద్యుత్ సామర్థ్యము ఎంత? (గురుత్వ త్వరణము 10 మీ/సె²)

1) 1500 వాట్లు 2) 1750 వాట్లు 3) 2000 వాట్లు 4) 2500 వాట్లు”

ఛందస్సు: వచనం. నాలుగు పాదాలకు బదులు నాలుగు ఆప్షన్లు. యతి ఎక్కడ పడుతుందో పరీక్ష గదిలో గంట కొట్టేదాకా తెలియదు.

ప్రతిపదార్థం

30 మీటర్ల లోతు గల = నీరు ఎక్కాల్సిన ఎత్తు ముప్పై మీటర్లని భావం. బావికి లోతు, నీటికి ఎత్తు. చూసేవాడు గట్టున ఉన్నాడా, నీటిలో ఉన్నాడా అన్నదే తేడా. ఒక్కో కిలో నీటికి గురుత్వాన్ని ఎదిరించి చేయాల్సిన పని 10 × 30, అనగా 300 జౌళ్లు. పిల్ల వేసిన ఎంజీహెచ్ ఇదే: ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం.

బావి నుండి = అపాదానార్థకం. బావి నిండుగా ఉందా, నీటిమట్టం తోడేకొద్దీ తగ్గుతుందా అన్న శంక ఇక్కడ కూడదు. మూలం మట్టం మారుతుందని చెప్పలేదు. మూలంలో లేనిదాన్ని వ్యాఖ్యాత తెచ్చి కలపరాదు. పైపులో ఘర్షణ ఎంత, బెండ్లు ఎన్ని అన్నవీ అంతే.

ఒక మోటారు = కర్త. మన పల్లెల్లో దీన్ని హెచ్‌పీతో పిలుస్తారు: మూడు హెచ్‌పీ, అయిదు హెచ్‌పీ. హెచ్‌పీ అనగా గుర్రపు బలం. దీని పుట్టుక వ్యాపారంలో. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలు అమ్మే రోజుల్లో కొనేవాడి ప్రశ్న ఒక్కటే: “ఇది ఎన్ని గుర్రాలకు సమానం?” జవాబు కోసం వాట్ మిల్లు గుర్రం చేసే పనిని లెక్క కట్టాడు. 12 అడుగుల వ్యాసార్ధం గల చుట్టలో గంటకు 144 సార్లు తిరుగుతూ 180 పౌన్ల బలంతో లాగుతుందనుకుని, వచ్చిన అంకెను సర్ది, నిమిషానికి 33,000 అడుగు పౌన్లని ఖరారు చేశాడు. మన లెక్కలో అది 746 వాట్లు. వాట్ చనిపోయింది 1819లో. ఆయన పేరునే కొలమానానికి పెట్టాలని విలియం సీమెన్స్ ప్రతిపాదించింది 1882లో. గుర్రాలతో పోల్చి యంత్రాలు అమ్ముకున్నవాడి పేరే చివరికి గుర్రాన్ని కొలిచే కొలత అయింది.

నిమిషమునకు = ఇక్కడ జాగ్రత్త. వాట్ అనగా సెకనుకు ఒక జౌల్. ప్రశ్న నిమిషాల్లో మాట్లాడుతుంది, జవాబు సెకన్లలో అడుగుతుంది. 300ని 60తో భాగిస్తే సెకనుకు 5 కిలోలు. భాగించడం మరిచినవాళ్లకు ఎత్తు పని ఒక్కటే 90,000 అని వస్తుంది. అది నిమిషానికి జౌళ్లు, అబద్ధమేమీ కాదు గాని అడిగింది అది కాదు. మన పిల్ల ఇక్కడ గట్టెక్కింది.

300 కిలోగ్రాముల నీటిని = కర్మ. లీటరు నీరు కిలో బరువు కనుక 300 లీటర్లన్నా అంతే. లెక్కల్లో ఇంత సౌమ్యమైన ద్రవం ఇంకొకటి లేదు.

తోడి = తోడిన తరవాత. క్త్వార్థకం. ఈ శ్లోకానికి ప్రాణం ఇక్కడ ఉంది. తెలుగు వ్యాకరణం ప్రకారం క్త్వార్థక క్రియకూ సమాపక క్రియకూ కర్త ఒకడే కావాలి. ‘రాముడు అన్నం తిని నిద్రపోయాడు’ అంటే తిన్నదీ రాముడే, నిద్రపోయిందీ రాముడే. కాబట్టి ‘మోటారు తోడి వదులుచున్నది’ అన్నప్పుడు తోడటమూ మోటారు పనే, ఆ వడితో వదలడమూ మోటారు పనే. పనులు రెండు, కర్త ఒకడు. ఎంజీహెచ్ మొదటి పనికి మాత్రమే కూలి కట్టింది. రెండో పని ఉచితంగా చేయించుకుంది.

సెకనుకు 10 మీటర్ల వడితో = తృతీయా విభక్తి, సహార్థం. వడి కూడా బరువే. బావిలో కదలకుండా ఉన్న నీరు పైపు మూతి దగ్గర సెకనుకు పది మీటర్లు పరుగెడుతోందంటే, ఆ పరుగు ఎవరో ఇచ్చి ఉండాలి. దీన్ని కొలిచేది పిల్లలు ‘హాఫ్ ఎంవీ స్క్వేర్’ అని ఒక్క గుక్కలో పలికే గతిజ శక్తి.

అవాంతర విచారణ: వడికి వర్గం ఎందుకు, సగం ఎందుకు? 18వ శతాబ్దంలో ఐరోపా పండితులు దీనిమీద చాలాకాలం తగవులాడుకున్నారు. కదిలే వస్తువు బలం వడితో పెరుగుతుందని ఒక పక్షం, వడి వర్గంతో పెరుగుతుందని లైబ్నిజ్ పక్షం. హాలండులో గ్రావెసాండె ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీదికి జారవిడిచి చూశాడు. వడి రెట్టింపైతే గుంట లోతు రెట్టింపు కాలేదు, నాలుగు రెట్లయింది. ఎమిలీ దు షాత్లే 1740లో అచ్చయిన తన భౌతికశాస్త్ర గ్రంథంలో లైబ్నిజ్ పక్షాన వాదించింది. ముందున్న సగం మాత్రం ఆ తగవులో ఎవరికీ పట్టలేదు. బలం, దూరం గుణించి వచ్చేదాన్ని ‘పని’ అని పేరు పెట్టి, దానితో లెక్క కుదరాలంటే ఆ సగం ఉండాలని 1829లో స్థిరపరచినవాడు కోరియాలిస్. భూగోళం పుస్తకంలో గాలుల్ని పక్కకు తిప్పేది కూడా ఈయన పేరే. కాబట్టి ‘హాఫ్’ అనే మాటను పిల్లలు తేలిగ్గా మింగరాదు. దాన్ని అక్కడ పెట్టడానికి పెద్దలకు చాలాకాలం పట్టింది.

దక్షత 70 శాతము = మోటారు తిన్నదానిలో వందకు డెబ్భై పాళ్లు నీటికి చేరుతుంది. మిగిలిన ముప్పై చాలావరకు వేడిగా పోతుంది. ఆడుతున్న మోటారు మీద చెయ్యి పెట్టినవాడికి ఈ ముప్పై శాతాన్ని వేరే నిరూపించనక్కరలేదు.

అందించవలసిన = ప్రశ్న ఎటువైపు నుంచి అడుగుతోందో చెప్పే మాట. నీటివైపా, తీగవైపా? ‘అందించవలసిన’ అన్నాడు గనుక తీగవైపు. ‘మోటారు నీటికి ఇచ్చే సామర్థ్యం’ అని ఉంటే జవాబు మారేది. ఒక్క కృదంతం మీద ముప్పై శాతం ఆధారపడి ఉంది.

విద్యుత్ సామర్థ్యము ఎంత = సెకనుకు ఎన్ని జౌళ్లు. సుగమం.

గురుత్వ త్వరణము 10 = పాఠాంతరం: 9.8. పది అని పెట్టడం పేపరు కూర్చినవాడి దయ. 9.8 అని చేసినవాడికి చివర 2457 వస్తుంది, దగ్గరి ఆప్షను నాలుగే. కనుక ఈ పాఠాంతరం వల్ల అర్థభేదం లేదు.

అన్వయం

మోటారుకు తీగ ద్వారా అందినదానిలో 70 శాతమే నీటికి చేరును. నీటికి చేరినదానితో మోటారు సెకనుకు 5 కిలోల నీటిని 30 మీటర్లు ఎత్తవలెను, మరియు ఆ నీటికే సెకనుకు 10 మీటర్ల వడి ఇవ్వవలెను. ఈ రెండింటికీ చాలునట్లుగా తీగలో ఎంత రావలెను?

ఇట్లా వరస మార్చి చదివితే లెక్క సగం అయిపోయినట్టే. గమనించదగ్గదేమంటే, ప్రశ్న ముందు నుంచి వెనక్కు నడుస్తుంది: బావి, నీరు, వడి, దక్షత, తీగ. శక్తి మాత్రం వెనక నుంచి ముందుకు నడుస్తుంది: తీగ, మోటారు, నీరు, ఎత్తు, వడి. పద్యంలో చివర ఉన్న క్రియను పట్టుకుని కర్తను వెతుక్కున్నట్టే ఇక్కడా చివరి మాట నుంచి మొదలుపెట్టాలి. ఇదే పిల్ల తెలుగు పేపర్లో పద్యం ఇస్తే ఒక్కో పదం విడదీసి, అన్వయం చూసుకుని, ప్రతిపదార్థం రాసి తాత్పర్యం దింపుతుంది. ఫిజిక్సు పేపరు చేతికి రాగానే ఆ విద్యను గది బయట చెప్పులతోపాటు వదిలేసి ‘ఏ ఫార్ములా’ అంటుంది. చేతిలో ఉన్న పనిముట్టును గుర్తుచేయడమే వ్యాఖ్యాత చేసిన సాయం.

తాత్పర్యం

ఎత్తడానికి: 5 × 10 × 30 = 1500 వాట్లు.
వడి ఇవ్వడానికి: సగం × 5 × 10 × 10 = 250 వాట్లు.
నీటికి చేరవలసినది: 1750 వాట్లు.
తీగలో రావలసినది: 1750ని 0.7తో భాగించగా 2500 వాట్లు.

కావున నాలుగవ ఆప్షను సాధువు. గుర్రాల్లో చెప్పాలంటే మూడుంబావు పైచిలుకు.

ఈ తాత్పర్యాన్ని యథాతథంగా ఫొటో తీసి పంపితే పని రెండు నిమిషాల్లో ముగిసేది, స్లిప్ టెస్టులో బావికి బదులు ట్యాంకు రాగానే మళ్లీ మొదటికొచ్చేది. అందుచేత సంభాషణ ఇట్లా జరిగింది.

“బావిలో నీళ్లు కదులుతున్నాయా తల్లీ?”

“లేదు.”

“పైపు మూతి దగ్గర?”

“పది మీటర్ల వడి.” కాసేపు ‘టైపింగ్’ అని కనబడి ఆగింది. మళ్లీ కనబడింది. “ఓ. అది కూడా మోటారే ఇవ్వాలా? నేను బయటికొచ్చాక దానంతటదే వస్తదనుకున్నా.”

ఈ వాక్యమే ఈ గ్రంథానికి ఫలం. తరవాతిది వేగంగా నడిచింది. 1750 వచ్చింది. డెబ్భై శాతం సంగతి గుర్తుచేయగా 0.7తో గుణించి 1225 అంది. “మోటారు నీటికి 1750 ఇస్తోంది, తను తీసుకునేది 1225 అయితే మిగతాది ఎవరిస్తున్నారు?” అని అడిగితే మూడు నవ్వు బొమ్మలు, వాటి కింద 2500 వచ్చాయి. గుణించాలా భాగించాలా అన్న సందేహం ఎప్పుడొచ్చినా ఈ ప్రశ్న ఒక్కటే చాలు: పెద్దది ఎటువైపు ఉండాలి?

అపపాఠ నిరూపణం

పేపరు కూర్చినవాడు తప్పు ఆప్షన్లను గాలిలోంచి తీయలేదు. ప్రతి తప్పు జవాబూ ఒక తప్పు పఠనానికి ముందే వేసి ఉంచిన పీట. 1500 అనే పీట ‘తోడి’ దగ్గర చదవడం ఆపినవారిది. వారికి ఆ తరవాత మూలం ఉన్నట్టే తెలియదు. 1750 అనే పీట ‘వదులుచున్నది’ దాకా వచ్చి ‘దక్షత’ దగ్గర ఆగినవారిది. 2000 అనే పీట గతిజ శక్తిలో సగం మరిచి 500 కలిపి, దక్షతను కూడా దాటవేసినవారిది. ఒక్కో పీట ఎంత దూరం చదివారో చెబుతుంది. సగం మాత్రం మరిచి దక్షతతో భాగించినవారికి 2857 వస్తుంది. అది ఆప్షన్లలో లేదు గనుక వాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసుకుంటారు. కాబట్టి ఆప్షన్లలో జవాబు దొరికినంత మాత్రాన సంతోషించరాదు. దొరక్కపోవడమే కొన్నిసార్లు మేలు.

ఛందఃపరీక్ష

చివర గణవిభజన చేయాలి. ఎత్తు భాగంలో కిలో/సెకను, మీ/సె², మీ కలిస్తే కి.గ్రా. మీ²/సె³ వచ్చింది. వడి భాగంలో కిలో/సెకను, మీ²/సె² కలిసినా అదే వచ్చింది. గణాలు సరిపోయాయి గనుక రెండింటినీ కలపవచ్చు. వడికి వర్గం పెట్టడం మరిచి ఉంటే ఇక్కడ కి.గ్రా. మీ/సె², అనగా న్యూటన్లు తేలేవి. వాట్లకు న్యూటన్లు కలపడం కంద పద్యంలో సీస పాదం ఇరికించడమే. సూత్రం గుర్తులేనివాడిని కూడా ఈ పరీక్ష సగం దూరం లాక్కొస్తుంది. ‘హాఫ్’ను మాత్రం ఇది పట్టలేదు. గణాలకు అర్ధం, పూర్ణం అన్న తేడా లేదు. దానికి కోరియాలిస్‌ను తలచుకోవలసిందే.

పూర్వపక్షం

ఇక్కడ షార్ట్‌కట్ సంప్రదాయం వారు ఇట్లా ఆక్షేపిస్తారు: “ఎంసెట్ అనండి, ఇప్పటి పేరున ఈఏపీసెట్ అనండి, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం మీద ఏడున్నర సెకన్లు. అందులో క్త్వార్థకాలు, కృదంతాలు చూసుకుంటూ కూర్చుంటే బస్సు వెళ్లిపోతుంది. ఎత్తునూ, వడి వర్గాన్నీ, కాలాన్నీ, దక్షతనూ ఒకే సూత్రంలో కుదించి కంఠస్థం చేయిస్తే చాలదా?”

సిద్ధాంతం

ఆ కుదించిన సూత్రం తప్పని మేమనం. అది మన ప్రతిపదార్థమే, విడమరచి చెప్పే ఓపిక లేక మూటకట్టినది. మూటలో ఏముందో తెలిసినవాడికి అది వేగం, తెలియనివాడికి అది గండం. ఉదాహరణ: ‘నీటితో నిండిన 30 మీటర్ల లోతు బావిని పూర్తిగా ఖాళీ చేయుటకు ఎంత పని?’ అని అడిగారనుకోండి. షార్ట్‌కట్ విద్యార్థి మొత్తం నీటి ద్రవ్యరాశికి ఎంజీహెచ్ వేసి, హెచ్ చోట 30 పెడతాడు. కానీ గట్టు దగ్గరి నీరు దాదాపు ఎక్కనక్కరలేదు, అడుగునున్న నీరే పూర్తి ముప్పై ఎక్కాలి. బావి పైనుంచి కిందికి ఒకే వెడల్పుంటే సగటున 15 మీటర్లు. ‘నిండిన’, ‘పూర్తిగా ఖాళీ’ అన్న మాటల్ని చదివినవాడు సగం వేస్తాడు, చదవనివాడు రెట్టింపు పని చేసి సున్నా తెచ్చుకుంటాడు. ఇక కాలం సంగతి: మూలం చదవడానికి ఇరవై సెకన్లు చాలు, గుణకారాలకు ఇంకో ఇరవై. మిగిలిన సమయమంతా మామూలుగా ఏ ఫార్ములా అని పైకప్పు చూడటంలో పోయేది. కనుక ఇంటి దగ్గర నిదానంగా చదివినవాడికే హాల్లో వేగం అబ్బుతుంది. ఇతి సిద్ధాంతం.

విశేషాంశాలు

ఒకటి. 250 వాట్లను ఇంకోలా చూడవచ్చు. సెకనుకు 10 మీటర్ల వడిగల నీటిని నిట్టనిలువుగా విడిచిపెడితే అది 5 మీటర్లు ఎగురుతుంది. అనగా ఆ వడి, బావి ఇంకో 5 మీటర్లు లోతున్నట్టు లెక్క. 5 × 10 × 35 చేసినా అదే 1750. గతిజ శక్తి పేరు వింటే భయపడేవారు దాన్ని ఎత్తుగా మార్చుకుని చదువుకోవచ్చు. లెక్కలోని మోటారు ముప్పై మీటర్ల బావిలో కూర్చుని ముప్పై అయిదు మీటర్ల చాకిరీ చేస్తోంది.

రెండు. సెకనుకు 5 లీటర్లు, వడి 10 మీటర్లు అంటే పైపు మూతి ఎంత? భాగించి చూస్తే 5 చదరపు సెంటీమీటర్లు, వ్యాసం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. సరిగ్గా అంగుళం పైపు. రెండంగుళాల పైపు వేస్తే వైశాల్యం నాలుగింతలు, వడి నాలుగో వంతు, గతిజ శక్తి పదహారో వంతు: 250 వాట్లు కాస్తా 16కు దిగుతాయి. పైపులోపలి రాపిడీ తగ్గుతుంది. పొలంలో నీరు దూరం చిమ్మక్కరలేదు, కాలువలో పడితే చాలు. సన్నపైపు వేసినవాడు మోటారుతో ఫౌంటెన్లు ఆడిస్తున్నట్టు. లావు పైపు వేయించే రైతుకు హాఫ్ ఎంవీ స్క్వేర్ తెలియకపోవచ్చు గాని, దానికి కట్టే రుసుము మాత్రం ఆయన కట్టడు.

మూడు. సామర్థ్యం వేరు, శక్తి వేరు. ఈ మోటారు నిమిషం ఆడినా రోజంతా ఆడినా 2500 వాట్లే. మీటరు తిరిగేది మాత్రం ఎంతసేపు ఆడిందన్నదాన్ని బట్టి. గంట ఆడితే రెండున్నర యూనిట్లు. యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఆ గంటలో పైకొచ్చే నీరు 18,000 లీటర్లు. ఎకరంలో అంగుళం నీరు నిలవాలంటే లక్షా మూడు వేల లీటర్ల దాకా కావాలి. అంటే దగ్గర దగ్గర అయిదు గంటల నలభై నిమిషాలు, పద్నాలుగు యూనిట్ల పైచిలుకు. ‘మోటారు ఎన్ని యూనిట్లు?’ అని అడిగినవాడిని ‘ఎంతసేపు?’ అని ఎదురు అడగాలి. ‘ఎన్ని హెచ్‌పీ?’ అన్నవాడిని అడగనక్కరలేదు. 

నాలుగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటల సరఫరా అయింది. బిల్లు రాకపోయినంత మాత్రాన ఎంజీహెచ్ మాఫీ కాదు. మన మూలంలోని మోటారుకు నీటిమట్టం ఒక్క మీటరు దిగిన ప్రతిసారీ అదే ధార రావాలంటే తీగలో ఇంకో 71 వాట్లు రావాలి. అనంతపురం వైపు వందల అడుగులు దిగిన బోర్లలో హెచ్ అనే అక్షరం ఏటేటా ఎట్లా పెరుగుతోందో అక్కడి రైతును అడిగితే చెబుతాడు. పరీక్ష పేపర్లో హెచ్ దత్తాంశం. పొలంలో అది వానను బట్టి మారే చరరాశి.

అయిదు. వేడిగా పోయిన 750 వాట్ల గురించి. పని ఎంత ఖర్చయితే ఎంత వేడి పుడుతుందో జీవితమంతా కొలుస్తూ కూర్చున్నవాడు సాల్‌ఫర్డ్‌లో బీరు బట్టీ యజమాని కొడుకు జేమ్స్ జౌల్. నీటిలో తెడ్లు తిప్పి, అది ఎంత వేడెక్కిందో చూశాడు. 1889లో ఆయన పోయాక సమాధిరాయి మీద 772.55 అనే అంకె చెక్కారు. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన అడుగు పౌన్లు అవి. తాను చేసిన లెక్కకు వచ్చిన జవాబును, దశాంశ స్థానాలతో సహా, తలాపున పెట్టుకున్న విద్యార్థి ఇంకొకడు ఉంటాడా?

సహాయక ధర్మం

లెక్కల్లో ఉపకారులు త్రివిధాలు. మొదటివాడు పూర్తి సాధన రాసి పంపుతాడు: ఉదారుడు, నిష్ప్రయోజకుడు. రెండోవాడు ‘ఇది చాలా ఈజీ’ అని మొదలుపెడతాడు. వాడి వాక్యంలో మొదటి మూడు మాటలకే అడిగినవాడు ముడుచుకుపోతాడు, మిగతాది వినడు. మూడోవాడు మూలంలో అడిగినవాడు దాటేసిన మాట ఏదో వెతికి, దాని ముందు వేలు పెట్టి ఊరుకుంటాడు. ఉత్తముడు ఇతడే. అయితే ఇతడికి నిద్ర తక్కువ.

అడిగేవారికీ ధర్మం ఉంది. వేలి నీడ పడకుండా ఫొటో తీయాలి. తప్పైనా సరే తాను వేసిన మెట్లు పంపాలి. ‘అర్థమైంది’ అనే మాటను అర్థమైన తరవాతే వాడాలి.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యానం చదివినవారికి ర్యాంకు వస్తుందని వాగ్దానం లేదు. కరెంటు బిల్లు అర్థమగును. మోటారు కొట్టువాడు అయిదు హెచ్‌పీ అంటగట్టబోతే మూడున్నరతో సరిపోతుందేమో అడిగే ధైర్యం కలుగును.

అభ్యాసం

శిష్యులు సొంతంగా చేయవలసినది: ఎండాకాలంలో అదే బావి నీటిమట్టం 45 మీటర్లకు దిగినది. మోటారు అదే, అందే 2500 వాట్లూ అవే, దక్షతా అదే. పైపు మూతిని కాస్త బిగించి వడిని కూడా సెకనుకు 10 మీటర్లుగానే ఉంచినారు. ఇప్పుడు నిమిషానికి ఎన్ని కిలోల నీరు వచ్చును?

లోతు ఒకటిన్నర రెట్లయింది గనుక నీరు అంతకు అంత తగ్గుతుందని 300ని ఒకటిన్నరతో భాగించి 200 అన్నవారు ‘తోడి’ దగ్గరే ఆగిపోయారు. ‘వదులుచున్నది’ దాకా చదివినవారికి 210 వచ్చును.